ఇంకొంచెం ఈ పక్కకి

ప్రొద్దుటూరులో పెండ్లిండ్లు పెద్దవి, ఇండ్లు ఇరుకు.
తలుపుకీ తలంబ్రాలకీ నడుమ ఆరడుగులు.
వెనక్కి జరుగుతా, జరుగుతా,
వీపుకు గోడ తగుల్తాది.
గోడ జరగదు.
నా యాభై ఎం.ఎం. లెన్సుకు ఆ సంగతి పట్టదు.

బాడీ మాత్రం ఫుల్ ఫ్రేమే.
నంద్యాలలో పని మానుకున్న ఒకాయన దగ్గర
చీటీ పాడి కొన్నా.
పాత చిన్న కెమెరా వైడు లెన్సు దానికి తగిలిస్తే
నాలుగు మూలలా నలుపు,
బావి అడుగు నుంచి ఆకాశం చూసినట్టు.
ఓబులేసు నవ్వినాడు:
"అన్నా, పెండ్లికూతుర్ని బాయిలో యేసినావే!"

రాత్రిళ్లు కాగితమ్మీద లెక్కలు.
పదహారు - ముప్పై అయిదు, రెండు పాయింట్ ఎనిమిది:
ఆ ధరకు పాత ఆటో వస్తాది.
ఆటో అయితే రోజూ కూడు పెడ్తాది, అంటాది ఖాసింబీ.
తప్పేం ల్యా.
వేరే కంపెనీది, పదిహేడు - ఇరవై ఎనిమిది:
తేలిక, చీకట్లోనూ చూస్తాది,
ఇరవై ఎనిమిది కాడ ఆగిపోతాది.
పంక్తి చివర ముసలామె మొహం కావాలంటే
మళ్లీ లెన్సు మార్చాల.
ప్రైమ్ ఒకటి చవగ్గా ఉంది.
దాంతో అయితే చాపల మీద కూర్చున్నోళ్లను తొక్కుకుంటా
నేనే జూమ్ కావాల.
ఇంక పదిహేడు - నలభై, ఎఫ్ నాలుగు, పాతది.
మధ్యలో బాగుంటాది,
అంచులే మెత్తన, అంటారు తెలిసినోళ్లు.

అంచులు.

పోయిన మాఘంలో ఒక అమ్మాయి వచ్చింది స్టూడియోకి,
నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీ పెద్దోబన్న కూతురు.
"మా నాయన ఫోటో లేదన్నా.
కార్డు మీద ఉండేది ఆయన మాదిరి లేదు.
కంబగిరి కొడుకు పెండ్లికి వచ్చింటాడు, నువ్వే తీసినావంట."
మూడువేల ఫోటోలు తిప్పినాం.
టీ చల్లారింది, కరెంటు పోయి వచ్చింది.
ఒకదాంట్లో, ఫ్రేము కొసన,
ఒక మోచెయ్యి.
రాతిపొడి వదలని మడతలు, బండ కోసిన మచ్చ,
సగం స్టీలు గ్లాసు.
"ఇది మా నాయనే."
స్క్రీను మీద వేలు పెట్టి పక్కకు తోసింది,
తలుపు తోసినట్టు.
"ఇంకొంచెం ఈ పక్కకి లేదా అన్నా?"

లేదు.
ఆ పొద్దు నా వెనక గోడ ఉంది, అని చెప్పలేకపోయినా.
మోచెయ్యినే పెద్ద ప్రింటు వేసిచ్చినా,
దుడ్లు తీసుకోలేదు.

కడప ఏడు రోడ్ల కాడ గౌస్ పీరా దుకాణం.
లెన్సులోకి టార్చి వేసి చూపించినాడు:
దుమ్ము మూడు చుక్కలు, ఫంగస్ లేదు, ఒట్టు.
జూమ్ రింగు బిగువు,
ఎర్రగుంట్ల సిమెంటు గాలి మింగినట్టు కిర్రుమంటాది.
"ఇరవై నాలుగు."
"ఎఫ్ నాలుగు భయ్యా, రాత్రి ముహూర్తాలకు చాలదు,"
ధర దించుదామని గొణిగినా.
"ఐఎస్ఓ పెంచుకో. గింజలు పడితే పడనీ.
మనిషే పడకపోయేదానికన్నా మేలు కదా?"
నా సంగతి ఆయనకెవరు చెప్పినారో!
ఇరవై రెండుకు తెగింది. మూత లేదు.
గీత పడిన ఫిల్టరు ఒకటి కొసరు.

బయటికొచ్చి, మెట్ల కిందే తగిలించి చూసినా.
పదిహేడు కాడ
రోడ్లన్నీ ఒక్కసారి లోపలికి దూరినాయి.
కరెంటు స్తంభం విల్లు మాదిరి వంగింది.
అంచున చెనక్కాయలమ్మే ఆమె
భుజం సాగింది, మొహం కొంచెం మెత్తన.
అయితేనేం, ఉంది.
తక్కెడ, తక్కెడ పట్టిన చెయ్యి,
ఆ చెయ్యి వెనక మనిషి.

"నన్నెందుకప్పా తీస్తాండావు?"
"లెన్సు చూస్తాండా అక్కా."
"పడినానా?"
"పడినావు."
"మా పిల్లోడు?"

చూసినా. గోనె సంచి పక్కన
వాని కాలొక్కటే పడింది.

ఒక అడుగు వెనక్కి జరిగినా.
ఆటో ఒకటి హారను కొట్టింది.